వాసన తెలియకపోతే మెదడులో నీరు చేరినట్టేనా?

“వాసన తెలియకపోతే మెదడులో నీరు చేరినట్టే. సీటీ తీయిస్తే వాసన బల్బు చిన్నదైపోయి కనిపిస్తుంది. షంట్ వేస్తే వాసన తిరిగొస్తుంది.” విజయవాడ, గుంటూరు వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతున్న మెసేజ్ ఇది. వాసన బల్బు అంటే ముక్కు నుంచి వచ్చే వాసన సంకేతాలను ముందుగా అందుకునే మెదడు భాగం; షంట్ అంటే మెదడులో చేరిన నీటిని బయటికి మళ్లించే సన్నని గొట్టం. ఇంట్లో బామ్ వాసన చూసి తేల్చుకోమని ఒక చిట్కా కూడా తగిలించారు.

ముందు ఆ చిట్కా సంగతి. బామ్, కర్పూరం ఘాటు చాలావరకు తెలిసేది ముఖానికి స్పర్శనిచ్చే ట్రైజెమినల్ నరం వల్ల. మిర్చి యార్డులో అడుగుపెడితే వాసన పూర్తిగా పోయినవాళ్లకూ తుమ్ములొస్తాయి. చూడాలంటే కళ్లు మూసుకుని, ఒక్కో ముక్కు రంధ్రంతో విడివిడిగా, కాఫీ పొడి, సబ్బు వంటివాటితో చూడాలి.

తెలియలేదే అనుకోండి. జలుబు, కోవిడ్, సైనస్, పాలిప్స్ (ముక్కులో పెరిగే మెత్తని కండ), తలకు దెబ్బ, వయసు, పార్కిన్సన్స్: అనుమానించాల్సినవి ముందు ఇవి. పెద్దవాళ్లలో ప్రెషర్ పెరగకుండానే నీరు చేరే రకానికి 1965 నుంచి చెబుతున్న గుర్తులు మూడే: పాదాలు నేలకు అతుక్కున్నట్టు నడవడం, మూత్రం ఆగకపోవడం, మతిమరుపు.

ఇక సీటీ. మెదడులో నీరుండే గదులు పెద్దవయ్యాయా అన్నది అందులో బాగానే తెలుస్తుంది. ఆ గదుల ముందు భాగాల (ముందు కొమ్ముల) గరిష్ఠ వెడల్పును పుర్రె లోపలి గరిష్ఠ వెడల్పుతో భాగిస్తే 0.3 దాటాలి, అప్పుడే పెద్దవైనట్టు. బల్బు కథ వేరు. ముక్కు పైకప్పు ఎముక మీద, సెంటీమీటరు అటూఇటూ పొడవుతో పడుకుని ఉంటుంది. ఎముక పక్కనున్న అంత చిన్న మెత్తని భాగాన్ని సీటీలో కొలవలేం. ఎమ్మారైలో ముఖానికి సమాంతరంగా కోసినట్టు తీసే (కరోనల్) టీ2 చిత్రాలు, అంటే నీరు తెల్లగా కనిపించేవి, కావాలి, అవీ 2 మి.మీ. లోపు మందంతో, మధ్యలో ఖాళీ లేకుండా. ప్రతి ముక్కలో అంచు గీసి, వైశాల్యాలన్నీ కూడి, మందంతో గుణిస్తే ఘనపరిమాణం వస్తుంది. మామూలు బ్రెయిన్ ఎమ్మారైలో 5 మి.మీ. ముక్కలైతే బల్బు రెండింటిలోనే పడుతుంది. లెక్కకు అర్థం లేదు. బల్బు ఎక్కడ ముగిసి సన్నని తంతువుగా మారిందో గుర్తించడంలోనే ఇద్దరు రేడియాలజిస్టులకు తేడా వస్తుంది. బల్బు పైన మెదడు మీదుండే గాడి లోతును కనుగుడ్ల వెనక అంచులను తాకే తలంలో కొలుస్తారు. హైడ్రోసెఫలస్‌లో, అంటే మెదడులో నీరు చేరే జబ్బులో, ఉబ్బిన గదులు ముందు మెదడును కిందికి నొక్కితే ఆ గాడి చదునుగా కనిపించవచ్చు. అది పుట్టుకతోనే లోతు తక్కువా, ఒత్తిడి వల్ల చదునైందా అన్నది ఒక్క అంకె చెప్పదు. పైగా పాత సైనస్ జబ్బులోనూ బల్బు కుంచించుకుపోతుంది.

మెసేజ్‌లో నిజం ఒక్క చిటికెడు ఉంది: తలలో ఒత్తిడి పెరిగితే వాసన తగ్గవచ్చు. షంట్ మాత్రం వాసన కోసం వేయరు. నడుము దగ్గర 30 నుంచి 50 మి.లీ. నీరు తీసి, ముందూ వెనకా నడకను కొలిచి నిర్ణయిస్తారు. ఇన్ఫెక్షన్, మూసుకుపోవడం, నీరు ఎక్కువగా కారి రక్తం చేరడం దాని ప్రమాదాలు. ఇప్పటికే ప్రోగ్రామబుల్ షంట్ (నీరు కారే వేగాన్ని బయటినుంచే మార్చగల వాల్వు ఉన్నది) ఉంటే వాల్వు కార్డు ఎమ్మారైకి తీసుకెళ్లండి. కొన్ని వాల్వుల సెట్టింగు అయస్కాంతానికి మారిపోతుంది, స్కాన్ తర్వాత సరిచూపించాలి.

తలకు దెబ్బ తగిలాక, వంగినప్పుడు ఒక ముక్కులోంచే తేటనీరు కారితే అది మెదడు నీరే కావచ్చు. ముక్కు గట్టిగా చీదకుండా, ఆ నీటికి బీటా-2 ట్రాన్స్‌ఫెరిన్ (మెదడు నీటిని గుర్తుపట్టించే ప్రొటీన్) పరీక్ష చేయించాలి.