సింహాచలం కొండకు సింహాచలం వ్రాయునది

మహారాజశ్రీ సింహాచలం కొండ గారి సముఖమునకు,

తమ పేరు మోస్తున్న ఒక చిరుద్యోగిని నమస్కరించి చేసుకొనే మనవి. నాకు ముందు పుట్టిన ఇద్దరూ దక్కకపోవడంతో, ఈసారి బిడ్డ నిలిస్తే కొండ పేరే పెట్టుకుంటానని మా అమ్మ అప్పన్నకు మొక్కుకుంది. ఆడపిల్లా మగపిల్లాడా అన్న చింత ఆ మొక్కులో లేదు. ఉత్తరాంధ్రలో తమ పేరు ఇద్దరికీ చెల్లుతుంది. మా వీధిలోనే పాల సింహాచలం మగవాడు, పూల సింహాచలం ఆడమనిషి. ఎవరికీ ఏ తికమకా ఉండేది కాదు.

ఉద్యోగంలో చేరాక కష్టాలు మొదలయ్యాయి. దరఖాస్తులో పేరు దగ్గర సింహాచలం అని నింపితే, కౌంటరులోని కుర్రవాడు “ఊరు కింద రాయాలండీ” అంటూ దానిమీద గీత కొట్టాడు. ఉత్తర్వులన్నీ “శ్రీ సింహాచలం గారికి” అనే వస్తాయి. ఆ శ్రీ పక్కన మతి చేర్పించడానికి నాలుగేళ్లుగా తిరుగుతున్నాను. 1516లో కృష్ణదేవరాయలంతటివాడు తమ దగ్గరకు తానే వచ్చి శాసనం వేయించి వెళ్లాడు గనుక, ఈ తిరుగుడు తమకు తెలిసే అవకాశం లేదు.

పేరులోని అచలం మాట మరీ అన్యాయం. అచలమంటే కదలనిదని బడిలో పంతులుగారు చెప్పారు. నాకు ఇప్పటికి ఆరు బదిలీలు. “సింహాచలంను పార్వతీపురం బదిలీ చేయడమైనది” అన్న కాగితం చదివి మా హెడ్ గుమాస్తా గారు, మెట్లతో సహానా, మెట్లు ఇక్కడే వదిలేస్తారా అని అడిగారు. (ఆయన పేరు భద్రాచలం. ఆయన మాత్రం ఇరవై ఏళ్లుగా అదే కుర్చీలో ఉన్నారు.)

తమ స్వామికి విడతకు మూడు మణుగుల చొప్పున నాలుగు విడతలు చందనం పూస్తారు. ఏడాదికొక్కసారి, అక్షయ తృతీయ నాడు, నిజరూపం చూపితే లోకం క్యూ కట్టి దండం పెడుతుంది. నేనేమో నెలకోసారి ఆధార్ కార్డు పట్టుకొని నా నిజరూపం నేనే రుజువు చేసుకుంటున్నాను. కార్డులోని ఫొటో చూసి ఇంతవరకు ఎవరూ దండం పెట్టలేదు.

బస్టాండులో కండక్టరు “సింహాచలం, సింహాచలం, రండమ్మా” అని కేక వేస్తే ఇప్పటికీ వెనక్కి తిరుగుతాను. అలా తిరిగి, మొహమాటానికి ఎక్కేసి, తమ దర్శనం చేసుకొని వచ్చిన రోజులూ ఉన్నాయి.

ఈ కవరు మీద పంపినవారి పేరూ సింహాచలమే, చేరవలసిన చోటూ సింహాచలమే కాబట్టి, పోస్టుమాన్ తిరిగి నాకే తెచ్చి ఇస్తే తమరు అన్యథా భావించవద్దు.

ఇట్లు,
(శ్రీ కాని) సింహాచలం