చార్టు మీద కౌబాయ్‌కి మార్కులెందుకు?

పశ్చిమ అమెరికా సరిహద్దు నవలను, అంటే వలసజనం పడమటికి సాగిన కాలపు కథను, పాఠంగా పెట్టి ప్రాజెక్టు చేయమంటే క్లాసు నుంచి ఏమొస్తుందో చూడకుండానే చెప్పొచ్చు. టీ డికాక్షన్‌లో ముంచి పాతబడినట్టు చేసిన ‘వాంటెడ్’ పోస్టరు, థర్మకోల్‌తో కట్టిన సారా దుకాణం, దాని ముందు ఒక గుర్రం. చూడముచ్చటగానే ఉంటాయి. చిక్కల్లా, వీటిలో ఏదీ చేయడానికి పుస్తకం తెరవక్కర్లేదు. ఆ కౌబాయ్ సినిమా నుంచి వచ్చినవాడు. మన ఇళ్లలోనైతే 1971 నాటి ‘మోసగాళ్లకు మోసగాడు’ నుంచి కూడా. నవల చదవకుండా పూర్తి చేయగలిగిన పని డ్రాయింగ్ పీరియడ్‌కు సరిపోతుంది, సాహిత్యం క్లాసుకు సరిపోదు.

చదివించే ప్రాజెక్టుల్లో మా ఓటు బండి సరుకు లెక్కకే. ఎ.బి. గుత్రీ 1949లో రాసిన ‘ది వే వెస్ట్’ మిస్సోరీ నుంచి ఆరెగాన్ దాకా సాగే బండ్ల బిడారు కథ. దారి సుమారు 3,200 కిలోమీటర్లు. బండిలో 900 కిలోలు దాటితే ఎడ్లకు కష్టం. వలసవెళ్లేవాళ్ల కోసం 1845లో అచ్చయిన హేస్టింగ్స్ గైడు ఒక్కో మనిషికి పిండి 90 కిలోలు, పంది మాంసం 68, చక్కెర 9, కాఫీ నాలుగున్నర, ఉప్పు నాలుగున్నర ఉండాలంటుంది. నలుగురున్న ఇంటికి తిండే 700 కిలోలు దాటింది. పరుపులు, నాగలి, గొడ్డలి, తూటాలు, పెళ్లినాటి పెట్టె అన్నీ మిగిలిన 200 కిలోల్లోనే సర్దుకోవాలి.

క్లాసును నలుగురేసి జట్లుగా చేసి, ఒక్కో జట్టుకు నవలలోని ఒక్కో కుటుంబాన్ని అప్పగించండి. వస్తువు, బరువు, నవలలో పేజీ నంబరు అని మూడు గడుల పట్టీ రాయించండి. రెండో వారం ఒక ఎద్దు చచ్చిపోయిందని ప్రకటించి 100 కిలోలు దించేయమనండి. ఏది దించారో, దానికి ఇంట్లో ఎవరు ఒప్పుకోలేదో ఆ పాత్ర గొంతుతోనే 200 మాటల్లో రాయాలి. ఇక్కడ సాధారణంగా దెబ్బతినేది మూడో గడి. పిల్లలు నెట్‌లో దొరికిన ఇనుప పొయ్యి బరువు వేసేసి కూడికలు తీసివేతల్లో పడిపోతారు. పేజీ నంబరు లేని వస్తువు బండెక్కదని మొదటిరోజే చెప్పేయాలి. ఈ లెక్క చేసినవాళ్లు, బిడారు కెప్టెన్ టాడ్‌లాక్‌ను దించి లైజ్ ఎవాన్స్‌ను ఎన్నుకునే ఘట్టం దగ్గరికొచ్చేసరికి అది ఇద్దరు మగవాళ్ల పంతం అనుకోరు. ఎప్పుడు ఆగాలి, ఎవరికోసం ఆగాలి అన్న నిర్ణయం ఎవరి చేతిలో ఉంటే తమ పిండి బస్తా గతేమిటో అప్పటికే వాళ్లకు తెలిసి ఉంటుంది.

ఓవెన్ విస్టర్ 1902లో రాసిన ‘ది వర్జీనియన్’కు క్లాసులో కోర్టు విచారణ ఆడించడం బాగా నప్పుతుంది. వయోమింగ్‌లో పశువుల దొంగతనం చేశాడని హీరో తన పాత స్నేహితుడు స్టీవ్‌నే ఉరి తీయించే నవల ఇది. కథ చెప్పే మనిషి తూర్పు నుంచి వచ్చినవాడు, ఆ దగ్గర్లోనే ఉంటాడు గానీ ఉరిని మాత్రం చూడడు. తర్వాత జడ్జి హెన్రీ, టీచరమ్మ మాలీకి ఆ ఉరిని సమర్థిస్తూ ఒక అధ్యాయమంతా వాదిస్తాడు. నవలలో అన్నిటికన్నా ఇబ్బందిపెట్టే అధ్యాయం అదే, ఎక్కువ క్లాసుల్లో దాటేసేదీ అదే.

ఆరుగురికి పాత్రలు పంచి 40 నిమిషాల విచారణ పెట్టండి. మన పిల్లలకు కోర్టు అనగానే సినిమా వకీలు పూనుతాడు, బల్ల గుద్దుడు మొదలవుతుంది. అందుకని ఒకే ఒక్క అభ్యంతరానికి అనుమతి ఇవ్వాలి: “అది నీకెలా తెలుసు?” దాంతో కథకుడి సాక్ష్యం మొదటి ఐదు నిమిషాల్లోనే కూలిపోతుంది. ఆ తర్వాత చరిత్ర కాగితం పంచండి. 1892 ఏప్రిల్‌లో వయోమింగ్‌లోని జాన్సన్ కౌంటీలో పెద్ద పశువుల ఆసాములు టెక్సాస్ నుంచి తుపాకీవాళ్లను కిరాయికి తెచ్చారు. వాళ్లు చుట్టుముట్టిన గుడిసెలో నేట్ ఛాంపియన్ అనే మనిషి చనిపోయే దాకా డైరీ రాస్తూనే ఉన్నాడు. పెద్ద ఆసాములు ‘దొంగలు’ అని ముద్ర వేసినవాళ్లలో చిన్న రైతులూ ఉన్నారు. ఈ కాగితం ముందే ఇస్తే పిల్లలు నవలను చదవరు, తీర్పు మాత్రం చెప్పేస్తారు. విచారణ అయ్యాకే ఇవ్వాలి.

పది సెంట్ల నవల, అంటే అప్పట్లో అమెరికాలో ఆ ధరకు అమ్మిన చవక పుస్తకం లాంటిది, పిల్లలచేత తయారు చేయించడం తేలికైన పని. ఆ వరసకు మొదటిది 1860లో ఆన్ స్టీఫెన్స్ పేరుతో వచ్చిన ‘మలేస్కా’. ఎనిమిది ఎ4 కాగితాలు మడిస్తే 32 పేజీలు. అందరికన్నా బయటి కాగితం మీద 1, 2, 31, 32 పడతాయి. ముందు ఖాళీ నమూనా మడిచి నంబర్లు వేసుకోకపోతే కథ తలకిందులవుతుంది. స్టేపుల్ కొట్టాక లోపలి కాగితాలు బయటికి పొడుచుకొస్తాయి, అంచు కత్తిరించేది అప్పుడే.

అన్నిటికన్నా జాగ్రత్త కావాల్సింది ఆదివాసుల వైపు నుంచి చేసే పనికి. ఈకల కిరీటాలు వద్దు. ‘ఒక రెడ్ ఇండియన్ డైరీ’ అసలే వద్దు, అందులో పిల్లలు కట్టేది కల్పించిన ఆధ్యాత్మికతే. బ్లాక్‌ఫీట్ తెగ మూలాలున్న జేమ్స్ వెల్చ్ 1986లో రాసిన ‘ఫూల్స్ క్రో’ తీసుకుని మ్యాపు గీయించండి. ఎ3 కాగితం మీద మోంటానా నదులు, సైన్యం కోటలు, 1870 జనవరి 23న మరయాస్ నది ఒడ్డున సైన్యం ఊచకోత జరిపిన చోటు. దాని మీద ట్రేసింగ్ పేపరు పరిచి, అదే నేలను నవలలోని మనుషులు పిలిచే పేర్లతో గీయాలి. చలికాలపు మకాం, వేట, చుట్టరికానికి వెళ్లే దారి అన్నీ ఎక్కాలి. పిల్లలు పోట్లాటలు మాత్రమే గుర్తుపెట్టి పై కాగితాన్ని సగం ఖాళీగా వదిలేస్తారు. ఒక్కో జట్టు కనీసం పది చోట్లు చూపాలని, వాటిలో మూడుకు మించి యుద్ధానివి ఉండకూడదని షరతు పెడితే మళ్లీ పుస్తకం తిరగేస్తారు. రెండు కాగితాల మీదా దారులు కలవలేదనుకోండి, సరిదిద్దమని చెప్పకండి. ఏ పేజీ చూసి గీశారో అడగండి.