లేడీ మాక్‌బెత్ మీద నేరం మోపిందెవరు?

ఇంగ్లిషు సాహిత్యంలో దుష్టపాత్రలను లెక్కపెట్టమంటే, స్త్రీలలో చాలామంది నోట మొదట వచ్చే పేరు లేడీ మాక్‌బెత్. డిగ్రీ, ఎంఏ తరగతుల్లో షేక్‌స్పియర్ నాటకం ‘మాక్‌బెత్’ చదువుకున్నవారికి ఆమె గురించి స్థిరపడిపోయిన ఒక మాట కూడా గుర్తుండే ఉంటుంది: నాటకంలో మంత్రగత్తెలు ముగ్గురైతే, ఆమె నాలుగోది. వీరుడూ రాజభక్తుడూ అయిన భర్త మాక్‌బెత్‌ను పురిగొల్పి, డంకన్ రాజును చంపిన హంతకుణ్ణి చేసిన భార్య అని ఆ మాటకు అర్థం. నాటకాన్ని మళ్లీ మళ్లీ చదివేకొద్దీ నాకు ఈ తీర్పు మీద నమ్మకం సడలుతూ వచ్చింది. ఆమె నిర్దోషి అని నేననడం లేదు. కాపలావాళ్లకు మత్తుమందు కలిపిన మద్యం పట్టించిందీ, వాళ్ల ముఖాలకు రాజు నెత్తురు పూసిందీ ఆమే. అయితే ఎవరి ఖాతాలో ఎంత దుర్మార్గం రాయాలన్నది కూడా అధికారమే నిర్ణయిస్తుందనీ, అందుకు సాక్ష్యం ఈ నాటకం పుట్టుకలోనే ఉందనీ నా వాదన.

షేక్‌స్పియర్ ఈ కథను హోలిన్‌షెడ్ పేరిట వెలువడిన చరిత్ర గ్రంథం నుంచి తీసుకున్నాడు. రాజు హత్య విషయంలో మాక్‌బెత్ భార్య గురించి అందులో ఉన్నది ఒక్క ముక్క: రాణి అనిపించుకోవాలన్న తీరని కోరికతో ఆమె భర్తను పురిగొల్పింది. అదే గ్రంథంలో మరోచోట, డాన్‌వాల్డ్ అనేవాడు భార్య ప్రోద్బలంతో తన కోటలో నిద్రిస్తున్న డఫ్ అనే రాజును చంపించిన వేరే కథ ఉంది. షేక్‌స్పియర్ ఆ కథను తెచ్చి ఈ కథకు అతికాడు. ఇక హోలిన్‌షెడ్ రాసినదాని ప్రకారం డంకన్ హత్యలో మాక్‌బెత్‌కు తోడుగా నిలిచింది అతని తోటి సేనాని బాంకో. నాటకంలో మాత్రం బాంకో చేతికి మరక లేదు. 1603లో స్కాట్లండ్ నుంచి వచ్చి ఇంగ్లండ్ సింహాసనమెక్కిన మొదటి జేమ్స్ బాంకో వంశీకుడని అప్పటి నమ్మకం. షేక్‌స్పియర్ నాటక బృందానికి పోషకుడు ఆ రాజే. మంత్రగత్తెల మీద 1597లో ఒక పుస్తకం రాసిందీ ఆయనే. అలా 1606 ప్రాంతంలో ఈ నాటకం తయారయ్యేసరికి ఏలినవారి పూర్వీకుడి పాపం చెరిగిపోయి, భార్య పాపం ఒక్క ముక్క నుంచి అంకాలకు అంకాలుగా పెరిగింది.

ఆమెకు నాటకంలో సొంత పేరు కూడా లేదు. చరిత్రలో ఉంది: గ్రూఓ. ఆమె స్కాట్లండ్ రాజవంశపు ఆడబిడ్డ. మాక్‌బెత్‌ను పెళ్లాడే నాటికే ఆమెకు మొదటి భర్త వల్ల లూలక్ అనే కొడుకు ఉన్నాడు. 1057లో మాక్‌బెత్ చనిపోయాక కొద్దికాలం రాజ్యమేలింది ఆ లూలకే. అంటే పుట్టుకతోనే సింహాసనంతో బంధం ఉన్న స్త్రీ, రంగస్థలం మీదికి వచ్చేసరికి భర్త ద్వారా తప్ప అధికారాన్ని తాకే దారిలేని ఇల్లాలిగా మారింది. మన కైకేయి చేతిలో కనీసం రెండు వరాలున్నాయి, మాట తప్పలేని రాజు ఎదురుగా ఉన్నాడు. ఈమె చేతిలో నోటిమాట తప్ప మరొకటి లేదు.

ఆ నోటిమాటతో ఆమె చేసిందేమిటి? ‘నువ్వు మగాడివేనా’ అని భర్తను నిలదీసింది. మన ఊళ్లలో తగాదాలు ముదిరినప్పుడు వినపడేదీ ఈ ప్రశ్నే. మొదటి అంకం ఏడో రంగంలో మాక్‌బెత్, మగవాడికి తగినదంతా చేసే ధైర్యం తనకుందనీ, అంతకు మించి తెగించేవాడు మగవాడే కాడనీ అంటాడు. చంపడానికి తెగించినప్పుడే నువ్వు మగాడివి అని ఆమె బదులిస్తుంది. తరగతిలో ఆమె క్రూరత్వానికి నిదర్శనంగా చూపించేది ఈ ఘట్టాన్నే. కానీ ఆ కొలబద్ద ఆమె తయారుచేసినది కాదు. ఆమె రంగం మీదికి రాకముందే, రెండో రంగంలో, ఒడలంతా గాయాలతో వచ్చిన సైనికాధికారి, మాక్‌బెత్ ఒక తిరుగుబాటుదారును బొడ్డు నుంచి దవడల దాకా చీల్చి, తల నరికి కోటగోడ మీద గుచ్చాడని చెబుతాడు. అది విని, సాధుస్వభావుడిగా పేరున్న డంకన్ రాజు నోట వచ్చిన మాట ‘ఎంత వీరుడు, ఎంత యోగ్యుడు’ అన్న మెచ్చుకోలు. చంపడమే మగతనమని కొలువులో రాజు వేసిన ముద్రనే ఆమె పడకగది గుమ్మం దాకా తెచ్చింది. తర్వాత బాంకోను చంపడానికి కిరాయి హంతకులను రెచ్చగొట్టేటప్పుడు మాక్‌బెత్ వాడిందీ అదే ఆయుధం. మాక్‌బెత్ చేయించిన దాడిలో భార్యాబిడ్డలు హతులయ్యారని విని కుప్పకూలిన మాక్‌డఫ్ అనే ప్రభువుతో, మగాడిలా ఎదుర్కో అన్నది డంకన్ కొడుకు, సత్పురుషుడైన మాల్కమ్. మగాడిగా నేను దీన్ని అనుభవించాలి కూడా అని మాక్‌డఫ్ జవాబిస్తాడు. మగతనానికి మరో అర్థం ఉండవచ్చునని ఈ నాటకంలో ఎవరైనా అన్నది బహుశా ఆ ఒక్కచోటే.

తనలోని ఆడతనాన్ని తీసివేయమని ఆమె దుష్టశక్తులను వేడుకునే ప్రసంగాన్ని కూడా ఇదే వెలుగులో చదవాలి. పుట్టుకతో క్రూరురాలైనదానికి క్రూరత్వం కోసం ప్రార్థించవలసిన పని ఉండదు. నిద్రలో మా నాన్నలా కనిపించకపోయి ఉంటే డంకన్‌ను నేనే చంపి ఉండేదాన్ని అని కొంతసేపటికే ఆమె ఒప్పుకుంటుంది. పైగా ఆ కాలపు ఇంగ్లండ్ రంగస్థలం మీద ఆడవేషాలు కట్టింది మగపిల్లలు. ఆడతనం తీసివేయమని వేడుకుంటున్నది గౌను తొడుక్కున్న ఒక కుర్రవాడు. ఆడతనమూ మగతనమూ వేసుకుని విప్పే వేషాలే కదా అన్న అనుమానం, 1660 తర్వాత నటీమణులు ఆ పాత్ర ధరించడం మొదలయ్యాక కొంత మరుగున పడింది.

కిరీటం దక్కాక ఏం జరిగిందో చూడండి. తాను రాజవుతానన్న మంత్రగత్తెల జోస్యం గురించి రాసిన ఉత్తరంలో మాక్‌బెత్ భార్యను ‘నా వైభవంలో భాగస్వామి’ అని సంబోధించాడు. మూడో అంకంలో, బాంకో హత్యకు ఏర్పాట్లన్నీ చేశాక, నీకు తెలియకపోవడమే మంచిది, జరిగాక మెచ్చుకుందువుగాని అని బుజ్జగిస్తాడు. ఆ తర్వాత మాక్‌డఫ్ భార్యాబిడ్డలను ఊచకోత కోయించిన నిర్ణయంలో ఆమె ప్రసక్తే లేదు. అధికారం చేతికి వచ్చేదాకా ఆమె భాగస్వామి, వచ్చాక ఇల్లాలు. ‘లేడీ మాక్‌బెత్ పాత్రను విమర్శనాత్మకంగా పరిశీలించండి’ అన్న ప్రశ్నకు ఏళ్ల తరబడి వస్తున్న జవాబుల్లో ఈ మార్పు ఒక్క వాక్యంగానైనా కనిపించకపోవడం నన్ను బాధపెడుతుంది. హోలిన్‌షెడ్ పేజీనీ నాటకాన్నీ పక్కపక్కన పెట్టి, ఏది పెరిగిందో ఏది చెరిగిందో విద్యార్థుల చేతనే గుర్తింపజేస్తే ఆ జవాబు మారుతుంది.

నాటకం చివర కొత్త రాజు మాల్కమ్ ఆమెను పిశాచం లాంటి రాణి అని ఒక్క మాటతో ముగించేస్తాడు. అయిదో అంకం మొదటి రంగంలో ఆ గదిలో అతను లేడు. అక్కడ ఉన్నది ఒక వైద్యుడు, ఒక పరిచారిక. రాత్రివేళ దీపం పట్టుకుని రాణి నిద్రలో నడుస్తూ వస్తుంది. పక్కన ఎప్పుడూ దీపం ఉండాలన్నది ఆమె ఆజ్ఞ అని పరిచారిక చెబుతుంది. ఒక్కోసారి పావుగంట సేపు చేతులు అలా రుద్దుకుంటూనే ఉంటుందట. అంతవరకూ ఛందస్సులో మాట్లాడిన ఆమె ఇక్కడ విరిగిన వచనంలో గొణుగుతుంది. ముసలాయన ఒంట్లో ఇంత రక్తం ఉంటుందని ఎవరనుకున్నారు అంటుంది. ఆ వెంటనే, ఫైఫ్ ప్రభువుకో భార్య ఉండేది, ఇప్పుడెక్కడుంది అని అడుగుతుంది. మూలంలో ఆ మాట పిల్లల పాటలా ప్రాసతో ఉంటుంది. ఆ ప్రభువు మాక్‌డఫ్. ఆ హత్యలో ఈమె చేయి లేదు, ఆ ఇద్దరు స్త్రీలూ నాటకంలో ఎక్కడా ఎదురుపడి మాట్లాడుకోలేదు. అయినా చచ్చిపోయిన ఆ ఇల్లాలి గురించి అడిగింది ఈమె, అదీ నిద్రలో. అంతా విన్న వైద్యుడు, ఈమెకు కావలసింది వైద్యుడు కాదు, మతగురువు అంటాడు. తర్వాత దేవుణ్ణి క్షమాపణ వేడుకుంటాడు. ఈమెను క్షమించు అని కాదు, మనందరినీ క్షమించు అని.