కొంచెం సిగ్గరి

రాజీ మా ఇంటికి వచ్చిన రోజు దానితోపాటు ఒక కాగితం కూడా వచ్చింది. అందులో ఉన్నవి రెండే రెండు వాక్యాలు. "కొంచెం సిగ్గరి. కొంచెం టైమ్ ఇస్తే కలిసిపోతుంది." ఆ సాయంత్రం మంచం కింద ఉన్న నీళ్ళ గిన్నె తీద్దామని చెయ్యి పెట్టాను. ఎడమ చేతికి నాలుగు చిల్లులు పడ్డాయి.

కుళాయి కింద 15 నిమిషాలు సబ్బుతో కడుక్కుంటూ నిలబడ్డాను. కుక్క కరిస్తే ముందు చేయాల్సింది అదే, వెంటనే ఆస్పత్రీ వ్యాక్సినూ. చెయ్యి మండుతుంటే 15 నిమిషాలు చాలా పెద్ద టైమ్. జీవితమంటే ఏమిటో ఆలోచించుకోవచ్చు. నేను మాత్రం "కొంచెం" అంటే ఏమిటో ఆలోచించాను.

ఆ మాట మీద నాకు కోపమేమీ లేదు. "కొంచెం జరుగుతారా" అంటే లేచి పొమ్మని. "కొంచెం లేటవుతుంది" అంటే నా కోసం చూడొద్దని. "కొంచెం చేబదులు కావాలి" అంటే ఆ డబ్బు మర్చిపొమ్మని. ఇవన్నీ అందరికీ తెలిసిన అర్థాలు కాబట్టి ఎవరూ మోసపోరు. కుక్క కాగితం మీద చూసేసరికి మాత్రం నా తెలుగు నాకు అక్కరకు రాలేదు.

కుక్కలకి ఇళ్ళు వెతికేవాళ్ళ భాష ఒకటుందని ఆ తర్వాత తెలిసింది. దానికి నిఘంటువు ఎవరూ రాయలేదు గానీ, చేతిలో చిల్లులున్నాయి కాబట్టి నాకా అర్హత వచ్చిందనుకుంటున్నాను. "ఒక్కరికే అతుక్కుపోతుంది" అంటే మిగతావాళ్ళని కరుస్తుంది. "ఇంటిని బాగా కాపాడుతుంది" అంటే మీ చుట్టాలు ఇక రారు. "మగవాళ్ళతో కాస్త టైమ్ పడుతుంది" అంటే పట్టిన టైమంతా ఆస్పత్రిలోనే. "కుక్కలతో అనుభవం ఉన్నవాళ్ళకే" అంటే మా అనుభవం అయిపోయింది, ఇక మీ వంతు.

ఇయాన్ డన్‌బార్ అనే పశువైద్యుడు కుక్క కాటుని కొలవడానికి ఆరు మెట్ల స్కేల్ ఒకటి తయారుచేశాడు. మొదటి మెట్టులో పన్ను తగలదు, గాల్లో కొరికి ఊరుకుంటుంది. రెండోదాంట్లో తగులుతుంది గానీ చర్మంలో దిగదు. మూడోదాంట్లో ఒక్క కాటుకి ఒకటి నుంచి నాలుగు చిల్లులు, ఏదీ కోరపన్ను పొడవులో సగానికి మించి లోతు ఉండదు. నాలుగో మెట్టులో ఆ సగం దాటుతుంది. అయిదు గురించి చెప్పను. ఆరో మెట్టు గురించి చెప్పడానికి కరిపించుకున్నవాళ్ళు మిగలరు. ఆ స్కేల్‌ని పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ చదివాను. "కొంచెం" అనే మెట్టు ఎక్కడా లేదు. నా చెయ్యి మాత్రం మూడో మెట్టు మీద స్థిరపడి కూర్చుంది.

రాజీ అప్పుడు మంచం కింద మూలలో, గోడకి వీపు ఆనించి, తోక పొట్టకిందికి ముడిచి, ఒక ముందుకాలు పైకెత్తి పెట్టుకుని ఉంది. కరిచింది నన్ను, వణుకుతున్నది అది. కుర్చీ లాగిన చప్పుడంటే భయం. తాళాల గుత్తి అంటే భయం. కూర్చున్న మనిషి లేచి నిలబడితే, ఆ మనిషి అప్పటిదాకా ఎవరో ఇప్పుడెవరో అన్నట్టు భయం. కుక్కపిల్ల పుట్టిన మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల దాకా చూసిన లోకమే దానికి మామూలు లోకం. ఆ వారాల్లో మనుషుల చేతులు మంచివని తెలియకపోతే తర్వాత చేతులన్నీ అనుమానమే. ఆ వారాల్లో రాజీ ఎక్కడుందో ఎవరికీ తెలియదు. కాగితంలో మాత్రం సిగ్గు.

దానికి ఇల్లు వెతుకుతున్నానని నలుగురికీ చెప్పగానే నలుగురూ ఒకే మాట అన్నారు. "ఎవరికైనా తోట ఉంటే ఇచ్చేయండి." ఈ తోట ఎక్కడుందో నాకు ఇప్పటికీ తెలియలేదు. లోకంలో కరిచే కుక్కలన్నిటినీ పంపేయమనే తోట అది. అక్కడ కుక్కలన్నీ చల్లగా చెట్ల కింద పడుకుని, తమ పాత యజమానుల్ని మనసులో క్షమిస్తూ ఉంటాయి కాబోలు. భయపడే కుక్కని కంచె లేని చోట వదిలితే అది చేసే పని ఒక్కటే, పరుగు. వదిలిన మనిషికి మళ్ళీ కనపడదు. కంచె ఉంటే గొలుసు కూడా ఉంటుంది, పగలూ రాత్రీ. తోట అన్నవాళ్ళకి ఇదంతా తెలియదనుకోను. "నాకు చెప్పొద్దు" అనడానికి అదొక మర్యాద.

అయినా తోట సలహాదారులే నయం, ఫోన్లో మాట్లాడి ఊరుకుంటారు. అసలు ఉపద్రవం ఇంటికే వస్తుంది. దాని పేరు "ఏ కుక్కా నన్నేమీ చెయ్యదండీ".

ఆయన ఒక ఆదివారం వచ్చాడు, రాజీని చూసి తీసుకెళ్దామని. గేటు దగ్గరే మూడు విషయాలు చెప్పాను. దానివైపు చూడకండి, వంగకండి, చెయ్యి చాచకండి. కాసేపు కూర్చుని నాతో కబుర్లు చెప్పండి, చాలు అన్నాను. ఆయన జాలిగా నవ్వాడు. "మీరు టెన్షన్ పడకండి సార్. కుక్కలకి మనిషి తెలిసిపోతాడు. ఏ కుక్కా నన్నేమీ చెయ్యదండీ."

అని, లోపలికొచ్చి, చూసి, వంగి, చెయ్యి చాచాడు. మూడూ, అదే వరసలో.

రాజీ ముక్కు నాక్కుంది. "చూశారా, తినడానికి ఏదో తెచ్చానని కనిపెట్టేసింది" అన్నాడు. రాజీ ఆవలించింది. "పాపం, నిద్ర చాలినట్టు లేదు." తల పక్కకి తిప్పుకుంది. "సిగ్గు!" అని మురిసిపోయాడు. కాగితం రాసినవాళ్ళకి ఈయన చుట్టమేమోనని నాకు అనుమానం వచ్చింది. తల అటు తిరిగినా కళ్ళు ఆయన చేతిమీదే ఉన్నాయి, తెల్లగుడ్డు నెలవంకలా బయటికి కనిపిస్తోంది. "ఎంత అందమైన కళ్ళండీ!" అన్నాడు. వెనక్కి రండి అన్నాను. రాజీ బిగుసుకుపోయింది, ఊపిరి కూడా లేనట్టు. "అదిగో, కంట్రోల్‌లోకి వచ్చేసింది." బాబూ, వెనక్కి రండి అన్నాను. రాజీ గుర్రుమంది. గొంతులోంచి కాదు, ఎక్కడో పొట్టలోంచి. ఆయన నావైపు తిరిగాడు. మొహం వెలిగిపోతోంది. "మాట్లాడుతోంది సార్!"

మాట్లాడుతోంది, నిజమే. ఆయన గుమ్మం దాటినప్పటినుంచీ మాట్లాడుతూనే ఉంది. దగ్గరికి రావద్దని, ఎంతో మర్యాదగా మొదలుపెట్టి ఆరు మాటలు చెప్పింది. ఏడోది చొక్కా చేతికి తగిలింది. నేను పట్టీ వెనక్కి లాగాను కాబట్టి గుడ్డతో పోయింది, మొదటి మెట్టు. (దానికి మజిల్, అంటే కరవకుండా మూతికి తొడిగే బుట్ట, అలవాటు చేయడం అప్పటికింకా పూర్తికాలేదు. పూర్తికాకుండానే మనిషిని లోపలికి రానిచ్చాను. అది నా తప్పే. చొక్కా కూడా కొనిచ్చాను.)

చిరిగిన చేతితోనే ఆయన నాకు వైద్యం చెప్పాడు. "ఇంట్లో బాస్ ఎవరో దీనికి తెలియాలి సార్. వెల్లకిలా పడేసి, లొంగేదాకా నొక్కిపట్టాలి. తోడేళ్ళలో ఆల్ఫా, అంటే గుంపు నాయకుడు, చేసేది అదే. గుర్రుమంటే ఒక్కటివ్వాలి."

ఈ ఆల్ఫా పుట్టింది అడవిలో కాదు. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే పరిశోధకుడు జూలో బంధించిన తోడేళ్ళని చూసి, పెత్తనం కోసం అవి కొట్టుకుంటాయని రాశాడు. 1970లో ఆ ఆలోచనని తన పుస్తకంతో జనంలోకి తీసుకెళ్ళిన డేవిడ్ మెక్ అనే శాస్త్రవేత్తే 1999లో మళ్ళీ వ్యాసం రాసి, అడవిలో తోడేళ్ళ గుంపంటే మామూలుగా ఒక తల్లీ తండ్రీ వాళ్ళ పిల్లలూ, అక్కడ ఆల్ఫా అనే మాటే సరిపోదు అన్నాడు. చెప్పినవాడు దిద్దుకున్నాడు. విన్నవాళ్ళు మాత్రం ఇంకా కుక్కల్ని వెల్లకిలా పడేస్తూనే ఉన్నారు. ఇక గుర్రుమన్నందుకు కొట్టడం అంటే రైలు కూత వేసిందని కూత పీకేయడమే. రైలు ఆగదు, ఈసారి చప్పుడు లేకుండా వస్తుంది. "హెచ్చరిక లేకుండా కరిచింది" అని మనం చెప్పుకునే కుక్కల్లో చాలావాటికి ఆ హెచ్చరికని ఎవరో ఒకరు కొట్టి మాన్పించి ఉంటారు.

ఆయన్ని పంపించాక రాజీ పాత ఇళ్ళకి ఫోన్లు చేశాను. నాకంటే ముందు ఆ కాగితం రెండు ఇళ్ళు తిరిగింది. అదే చేతిరాత, అవే రెండు వాక్యాలు. మొదటి ఇంట్లో గాల్లో కొరికింది, తిరిగి పంపారు. రెండో ఇంట్లో పన్ను గీసుకుంది, తిరిగి పంపారు. మూడోది నా చెయ్యి. ఒక్కో ఇంటికీ ఒక్కో మెట్టు. ఎక్కింది రాజీ, ఎక్కించింది ఆ కాగితం.

రెండో ఇంట్లో నాలుగేళ్ళ పాప ఉందట. నాలుగేళ్ళ పిల్ల నిలబడితే మొహం ఎక్కడికి వస్తుందో తెలుసా? కుక్క నోటికి ఎదురుగా. అంత చిన్నపిల్లలకి కాట్లు ఎక్కువగా మొహానికీ తలకీ మెడకీ పడేది అందుకే. ఆ తల్లికి ముందుగా ఏమీ చెప్పలేదా అని అడిగాను. చెప్పారట, కొంచెం సిగ్గు అని. ఆ పాపకి గీతతో పోయింది. దానికి కారణం రాసినవాళ్ళ తెలివి కాదు, కరిచినదాని నిగ్రహం. ఆ ఇంట్లో కాస్తయినా బుద్ధి చూపించింది ఆ కుక్కొక్కటే.

"నిజం చెబితే ఎవరు తీసుకుంటారండీ" అంటారు. తీసుకోకపోతే తీసుకోరు! అబద్ధం చెప్పి అంటగట్టిన కుక్క వారం తిరక్కుండా ఒక కాటు ఎక్కువ వేసుకుని వెనక్కొస్తుంది. ప్రతి కాటుకీ దానికి తెరుచుకునే తలుపులు తగ్గుతాయి. చివరికి మిగిలేది ఒక బల్ల, ఒక సూది. అన్ని ప్రయత్నాలూ అయ్యాక ఏడుస్తూ ఆ సూది దాకా వెళ్ళినవాళ్ళని నేనొక్క మాట అనను. ఒక్కోసారి అదే దయ. నేననేది ఒక్క ప్రయత్నం కూడా చెయ్యకుండా, కుక్కని వదిలించుకుని, దాన్ని కాపాడామని ఫొటో దిగినవాళ్ళని. సిగ్గట, సిగ్గు. ఉండాల్సింది కుక్కకా?

కొత్త కాగితం నేనే రాశాను. "రాజీ, ఆడకుక్క, సుమారు మూడేళ్ళు. మనుషులంటే భయం. నాకు తెలిసి నాలుగుసార్లు నోరు విసిరింది: రెండుసార్లు చర్మానికి తగల్లేదు, ఒకసారి గీత, ఒకసారి నాలుగు చిల్లులు. ప్రతిసారీ దాని మీదికి ఒక చెయ్యి వచ్చింది. పశువైద్యుడు చూశాడు, ఒంట్లో నొప్పులేమీ లేవు. బాస్కెట్ మజిల్ వేసుకుంటుంది. అందులోంచే నీళ్ళు తాగుతుంది, నోరు తెరిచి రొప్పుతుంది. చిన్నపిల్లలున్న ఇంటికి ఇవ్వను. మూడు నెలలు ఓపిక పట్టలేనివాళ్ళు ఫోన్ చేయొద్దు. మీ ఇంటికి వచ్చాక కుదరకపోతే తిరిగి నాకే ఇవ్వాలి." ఇందులో "కొంచెం" ఎక్కడైనా దూరిందేమోనని రెండుసార్లు వెతికాను.

ఫోన్లు రాలేదు. మూడో వారంలో ఒకటి వచ్చింది, గోడౌన్ కాపలాకి కావాలట, "గట్టిగా కరుస్తుందా" అని ఆశగా అడిగాడు. పెట్టేశాను. అయిదో వారంలో ఇంకొకాయన చేశాడు. కరుస్తుందా అని అడగలేదు. "గిన్నె తీసినప్పుడు దానికీ మీ చేతికీ మధ్య ఎంత దూరం ఉంది? అంతకుముందు ఆ రోజు ఇంటికి ఇంకెవరైనా వచ్చారా?" అని అడిగాడు. నేను కుర్చీ చప్పుడు కాకుండా లాక్కుని కూర్చున్నాను.

శనివారం వచ్చాడు. నేల మీద, పక్కకి తిరిగి కూర్చున్నాడు. నలభై నిమిషాలు రాజీ వైపు ఒక్కసారి చూడలేదు, మధ్యమధ్యలో ఉడికించిన మాంసం ముక్క ఒకటి తన వెనక్కి విసురుతూ నాతో వానల గురించి మాట్లాడాడు. రాజీ మజిల్ వేసుకుని తలుపు పక్క నుంచి చూస్తూ ఉంది. ఆయన వెళ్తూ చెప్పులు వేసుకుంటుంటే, ఎలా ఉంది, ఏమనిపించింది అని అడిగాను.

"పర్లేదండీ, కొంచెం..." అన్నాడు.

నేనేమీ అనలేదు. నా మొహం చూశాడేమో.

"మూడు అడుగులు ముందుకొచ్చింది, రెండు అడుగులు వెనక్కి వెళ్ళింది" అన్నాడు. "వచ్చే శనివారం మళ్ళీ వస్తాను."