ఉపరితల వైశాల్యం ఒక్కటే చాలదు
సూపర్‌కెపాసిటర్ (త్వరగా చార్జి నింపుకుని వదిలే విద్యుత్ నిల్వ సెల్) గురించిన ఓ వ్యాసంలో, దాని ఎలక్ట్రోడ్లలో వాడే యాక్టివేటెడ్ కార్బన్ (సన్నని రంధ్రాలు నిండిన బొగ్గు పొడి) ఉపరితల వైశాల్యం ఎంత పెరిగితే అది అంత ఎక్కువ చార్జి నిలుపుకుంటుందని రాశారు. అది సగమే నిజం. గ్రాముకు 2000 చదరపు మీటర్లున్న పొడి తెచ్చినా, దాని రంధ్రాలు ఎలక్ట్రోలైట్ (సెల్‌లోని ద్రవం) అయాన్లు దూరలేనంత సన్నగా ఉంటే ఆ వైశాల్యం కాగితం మీదే మిగిలిపోతుంది. నన్నడిగితే అసలు కష్టమంతా ఈ పొడిని ఎలక్ట్రోడ్‌గా చేయడానికి లోహపు రేకు మీద వేసే పూతలోనే ఉంది. ఒకసారి ల్యాబ్‌లో యాక్టివేటెడ్ కార్బన్, కార్బన్ బ్లాక్ (విద్యుత్తు బాగా ప్రవహించడానికి కలిపే నల్లపొడి), బైండర్ (అతికించే జిగురు) ద్రావకంలో కలిపిన స్లర్రీని, అంటే చిక్కటి ముద్దను, అల్యూమినియం ఫాయిల్ మీద పూసి, త్వరగా ఆరాలని ఓవెన్ వేడి పెంచాను. చూడ్డానికి నున్నగా, చక్కగా వచ్చింది. ఫాయిల్‌ను వేలి చుట్టూ వంచగానే పూత పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయింది. ద్రావకం వేగంగా ఆవిరయ్యేటప్పుడు బైండర్ కూడా దాంతోపాటు పైకి చేరుతుంది, ఫాయిల్‌ను పట్టి ఉంచాల్సిన అడుగు భాగంలో సరిపడా మిగలదు. అదే స్లర్రీ తక్కువ వేడిలో మెల్లగా ఆరబెడితే గట్టిగా అతుక్కుంది. తేమ గురించి కూడా రాయాల్సింది. ఈ కార్బన్ గాల్లోని నీటిని ఇట్టే పీల్చుకుంటుంది. సెల్ మూసేముందు వ్యాక్యూమ్‌లో వేడిచేసి వదిలించకపోతే, 2.7 వోల్టుల దాకా నడిచే ఆర్గానిక్ ఎలక్ట్రోలైట్ సెల్‌లో ఆ నీరు విడిపోయి గ్యాస్ పుడుతుంది, సెల్ ఉబ్బుతుంది.