పొత్తు లేని చోట ఓటరే పొత్తు కట్టాడు

ఏప్రిల్ 28, 2025 రాత్రి కెనడా ఫలితాలు వస్తుంటే అందరూ లిబరల్ నేత మార్క్ కార్నీ, కన్జర్వేటివ్ నేత పియెర్ పొలియెవ్‌ల లెక్కే చూశారు. నా కళ్లు మాత్రం పట్టికలో అడుగున ఉన్న రెండు వరుసల దగ్గర ఆగిపోయాయి. బ్లాక్ కెబెక్వా పార్టీకి దేశం మొత్తమ్మీద దాదాపు 6.3 శాతం ఓట్లు, 22 సీట్లు. వామపక్షం వైపుండే న్యూ డెమోక్రటిక్ పార్టీకి (ఎన్‌డీపీ) కూడా దాదాపు అన్నే ఓట్లు. సీట్లు మాత్రం 7. బ్లాక్ పోటీ చేసేది ఒక్క క్యూబెక్ రాష్ట్రంలోనే కాబట్టి దాని ఓట్లన్నీ ఒకచోట కుప్పపడ్డాయి. ఎన్‌డీపీ ఓట్లు అట్లాంటిక్ నుంచి పసిఫిక్ దాకా చెల్లాచెదురుగా పడి ఇంకిపోయాయి.

ఈ లెక్క తెలుగు పాఠకుడికి కొత్తది కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో వైసీపీకి 39 శాతానికి పైగా ఓట్లు వచ్చాయి, సీట్లు 175లో 11. బ్రిటన్ నుంచి మనకూ కెనడాకూ వచ్చిన ఎన్నికల పద్ధతి ఒకటే: నియోజకవర్గంలో ఒక్క ఓటు ఎక్కువొచ్చినా సీటు వాళ్లదే, మిగతా ఓట్లన్నీ వృథా. కానీ ఆ పద్ధతిని తట్టుకునే ఉపాయం మన పార్టీలు ఎప్పుడో నేర్చుకున్నాయి. కెనడా పార్టీలు నేర్చుకోలేదు. ఎన్‌డీపీ కుప్పకూలడానికి అసలు కారణం అక్కడుందని నా వాదన. నేను ఆ పార్టీ వైపు మొగ్గే మనిషిని, ఆ మాట దాచుకోను.

ఆ ఎన్నికకు నాలుగు నెలల ముందు ఇలాంటి ఫలితాన్ని ఎవరూ ఊహించలేదు. 2024 డిసెంబర్ 16న ఆర్థిక మంత్రి క్రిస్టియా ఫ్రీలాండ్ రాజీనామా చేశారు. జనవరి 6న లిబరల్ ప్రధాని జస్టిన్ ట్రూడో తప్పుకుంటానన్నారు. అప్పటి సర్వేల్లో కన్జర్వేటివ్‌లు ఇరవై శాతానికి పైగా ముందున్నారు. ఇంతలో ట్రంప్ కెనడాను 51వ రాష్ట్రం చేస్తానంటూ సుంకాల కత్తి దూశారు. కెనడా, ఇంగ్లండ్ రెండు దేశాల కేంద్ర బ్యాంకులకూ గవర్నర్‌గా పనిచేసిన కార్నీ మార్చి 14న ప్రధాని అయ్యారు. ఆ రోజే వినియోగదారుల మీద కార్బన్ పన్ను రద్దుకు సంతకం పెట్టి, ఆ పన్ను తీసేయాలని పొలియెవ్ రెండేళ్లుగా వల్లిస్తున్న నినాదాన్ని ఒక్క వేటుతో లాగేసుకున్నారు. మిగిలింది ఒకటే ప్రశ్న: ట్రంప్‌కు ఎదురు నిలబడేది ఎవరు?

ఆ ప్రశ్న ముందు 2021లో ఎన్‌డీపీకి ఓటేసిన 17.8 శాతం మందిలో అత్యధికులు పార్టీని వదిలేశారు. వాళ్లందరికీ పార్టీ నేత జగ్మీత్ సింగ్ మీద కోపం వచ్చిందనుకుంటే పొరపాటు. చాలామందిని కదిలించిన భావానికి మన దగ్గర బాగా నలిగిన మాటే ఉంది: వ్యతిరేక ఓటు చీలనివ్వకూడదు.

2022లో పవన్ కల్యాణ్ ఆ మాట అన్నప్పుడు అది బేరానికి మొదటి అడుగు. టీడీపీతో కూర్చున్నారు, తర్వాత బీజేపీ వచ్చింది. జనసేన చివరికి 21 అసెంబ్లీ సీట్లు తీసుకుని 21కి 21 గెలిచింది. పొత్తు ధర్మం మీద ఎన్ని విమర్శలున్నా, అందులో ఒక న్యాయం ఉంది. నీ ఓటు నాకు బదిలీ చేస్తే నీకు ఇదిగో ఇంత అని ముందే రాసుకుంటారు. చిన్న పార్టీ తన ఓటర్లను అప్పిస్తే దానికి పత్రం ఉంటుంది.

కెనడాలో లిబరల్స్, ఎన్‌డీపీ దాదాపు ప్రతి రైడింగ్‌లోనూ (నియోజకవర్గాన్ని అక్కడ అలా అంటారు) ఎదురెదురుగా నిలబడతారు. సీట్ల సర్దుబాటు అనే మాటే వాళ్లకు తప్పులా తోస్తుంది. దాంతో పార్టీలు చేయని పొత్తును ఓటరు ఒంటరిగా పోలింగ్ బూత్‌లో కట్టాడు. ఆ పొత్తుకు పత్రం లేదు, షరతు లేదు, వాటా లేదు. లిబరల్ పార్టీ ఓట్లు తీసుకుంది, బదులుగా దేనికీ కట్టుబడలేదు.

పైగా ఓటరు కట్టిన పొత్తు చాలాచోట్ల గురి తప్పింది. బ్రిటిష్ కొలంబియాలోని ననైమో–లేడీస్మిత్ చూడండి. అక్కడ సిట్టింగ్ ఎంపీ ఎన్‌డీపీ. కన్జర్వేటివ్‌ను ఆపాలంటే ఎవరికి వేయాలో తేలక ఓట్లు లిబరల్, ఎన్‌డీపీ, గ్రీన్‌ల మధ్య మూడు ముక్కలయ్యాయి. మూడోవంతుకు కాస్త ఎక్కువ ఓట్లతో కన్జర్వేటివ్ అభ్యర్థి గెలిచారు. దేశమంతా తిరిగే సర్వేలు చూసి తన ఊళ్లో ఎవరు బలమో తేల్చుకోవడం ఏ ఓటరుకైనా కష్టం. పార్టీల మధ్య సర్దుబాటు ఉంటే ఆ భారం అతని మీద పడేదే కాదు.

ఓడిన ప్రతిచోటా భయమే కారణం అనను. విండ్సర్ వెస్ట్ కార్ల ఫ్యాక్టరీల ఊరు, దశాబ్దాలుగా ఎన్‌డీపీది. అది నేరుగా కన్జర్వేటివ్‌ల చేతికి పోయింది. లండన్–ఫాన్‌షా కూడా అంతే. జీతం, ఇంటి అద్దె, ఉద్యోగం గురించి పొలియెవ్ సూటిగా మాట్లాడారు, కార్మికులు విన్నారు. ఆ భాష ఒకప్పుడు ఎన్‌డీపీది. దాన్ని చేజార్చుకున్నది పార్టీయే. 2022 మార్చి నుంచి ట్రూడోకు మద్దతిచ్చి, 2024 సెప్టెంబర్‌లో ఒప్పందం చింపేశామని ప్రకటించి, ఆ వెంటనే అదే ప్రభుత్వాన్ని అవిశ్వాసం నుంచి కాపాడిన తీరు ఎవరికీ నచ్చలేదు. సింగ్ తన బర్నబీ సెంట్రల్‌లోనే మూడో స్థానానికి పడిపోయారు.

ఆ ఒప్పందంతో దేశానికి మేలు జరగలేదా అంటే, జరిగింది. ప్రైవేటు బీమా లేని, ఏటా 90 వేల డాలర్లలోపు ఆదాయమున్న కుటుంబాలకు పళ్ల వైద్యం దొరికింది. మధుమేహం మందులు, గర్భనిరోధకాలు ఉచితంగా ఇచ్చే చట్టం 2024 అక్టోబర్‌లో వచ్చింది. రెండూ ఎన్‌డీపీ పట్టుబట్టి సాధించినవే, పేరు మాత్రం ప్రభుత్వానిదైంది. ఇది పాత కథే. సస్కాచెవాన్ రాష్ట్రంలో, ఎన్‌డీపీ తొలి నేత టామీ డగ్లస్ పార్టీ 1962లో మొదలుపెట్టిన వైద్య బీమాను 1966లో దేశమంతటికీ చట్టం చేసింది లిబరల్ ప్రధాని లెస్టర్ పియర్సన్.

ఈ మధ్య కెనడాలో మనవాళ్లు కలిస్తే వచ్చే మొదటి ప్రశ్న 'ఏ పార్టీ వస్తే పీఆర్ (శాశ్వత నివాస హక్కు) సులువు?' అన్నది. విద్యార్థి పర్మిట్ల మీద 2024 జనవరిలో పరిమితి పెట్టింది లిబరల్ ప్రభుత్వమే. 2025కి 5 లక్షలుగా అనుకున్న పీఆర్ లక్ష్యాన్ని 2024 అక్టోబర్‌లో 3 లక్షల 95 వేలకు కుదించిందీ అదే. కన్జర్వేటివ్‌లు ఇంకా తగ్గించాలన్నారు. లక్షలు ఫీజు కట్టి చదువుతున్న పిల్లలకు, పీఆర్ ఉన్నవాళ్లకు కూడా, ఈ ఎన్నికలో ఓటు లేదు. పౌరసత్వం ఉంటేనే ఓటు. రెండు పెద్ద పార్టీలు ఒకే దారిన నడిచే విషయాల్లో మూడో గొంతు ఉండి తీరాలి. 12 సీట్లు లేకపోతే కెనడా పార్లమెంటు దిగువ సభలో అధికారిక పార్టీ హోదా దక్కదు. అది పోతే కమిటీల్లో చోటు, ప్రశ్నోత్తరాల్లో ఖాయమైన వంతు, పరిశోధనకు నిధులు అన్నీ పోతాయి. ఏడుగురితో ఎన్‌డీపీ ఇవన్నీ పోగొట్టుకుంది.

ఈ పద్ధతి ఎన్‌డీపీని ఒక్కదాన్నే కొట్టలేదు. 2011లో కన్జర్వేటివ్ నేత స్టీఫెన్ హార్పర్ 39.6 శాతం ఓట్లతో పూర్తి మెజారిటీ సాధించారు. 2025లో పొలియెవ్ 41 శాతం దాటీ ఓడిపోయారు. 2019లోనూ 2021లోనూ కన్జర్వేటివ్‌లకే ఎక్కువ ఓట్లు వచ్చాయి, ప్రభుత్వం లిబరల్స్‌ది. ఇదే చివరి పాత పద్ధతి ఎన్నిక అని 2015లో మాటిచ్చిన ట్రూడో, 39.5 శాతం ఓట్లతో మెజారిటీ చేతికొచ్చాక 2017 ఫిబ్రవరిలో ఆ మాట వదిలేశారు. ఆ పదేళ్లలో ఆయన చేసిన అతి పెద్ద తప్పు అదే అంటాను.

పొలియెవ్ పోటీ చేసిన కార్లటన్‌లో 91 మంది అభ్యర్థులున్నారు. బ్యాలెట్ పత్రం దాదాపు మీటరు పొడవు. ఎన్నికల సంస్కరణ కోరుతూ కొందరు కావాలనే నామినేషన్లు కుప్పగా వేయించారు. అక్కడి పత్రికలకు అది వింత. మనకు 1996 నల్గొండ గుర్తుకొస్తుంది. ఫ్లోరైడ్ నీళ్ల గోస ఢిల్లీకి వినపడాలని 480 మంది బరిలోకి దిగితే బ్యాలెట్ పుస్తకమంత అయింది, పోలింగే వాయిదా పడింది. కార్లటన్ నిరసనకారుల పద్ధతి నాకు పూర్తిగా నచ్చకపోయినా, వాళ్ల ఫిర్యాదు నిజం.

దామాషా విధానం (ఓట్ల శాతాన్ని బట్టి సీట్లు) జనమే వద్దన్నారు కదా అంటారు. నిజమే, బ్రిటిష్ కొలంబియాలో 2018 రెఫరెండంలో 61 శాతం పాత పద్ధతినే ఎంచుకున్నారు. కానీ అక్కడ ఒక్క దామాషా పేరుతో మూడు రకాల పద్ధతులు పెట్టి ఏదో ఒకటి ఎంచుకోమన్నారు. అర్థం కానిదానికి జనం అవునంటారా? న్యూజిలాండ్ 1996 నుంచి అదే విధానంలో నడుస్తోంది, దేశం ఆగిపోలేదు.

నా అసలు బాధ 2022 ఒప్పందం మీద. ఎన్‌డీపీ అందులో పళ్ల వైద్యం రాయించుకుంది, మందులు రాయించుకుంది. దామాషా ఊసు లేదు. 2025లో లిబరల్స్ 343లో 169 దగ్గర ఆగారు, మెజారిటీకి మూడు తక్కువ. నవంబర్ 17న కార్నీ బడ్జెట్ 170–168తో నెగ్గింది, అదీ ఇద్దరు ఎన్‌డీపీ ఎంపీలు, ఇద్దరు కన్జర్వేటివ్‌లు ఓటింగ్‌కు దూరంగా ఉంటే. ఎన్‌డీపీకి అప్పుడు చేతిలో డబ్బు లేదు, శాశ్వత నాయకుడు లేడు, మళ్లీ ఎన్నికలొస్తే ఆ ఏడూ మిగలవన్న భయం. అది నాకు అర్థమవుతుంది. అయినా ఆ సాయంత్రం ప్రభుత్వం నిలవడానికి ఆ ఇద్దరు ఎన్‌డీపీ ఎంపీల మౌనం కావలసి వచ్చింది. ఓటు పద్ధతి మీద సామాన్య పౌరులు కూర్చుని చర్చించే పౌరసభ ఒకటి కనీసం వేస్తామన్న హామీ అయినా ఆ మౌనానికి ధరగా పెట్టాల్సింది. అడగలేదు.