మంచిగైంది అనకండి, ఎందుకు మంచిగైందో చెప్పండి

మామునూరు ఎయిర్‌పోర్టు మళ్లీ తెరుస్తారన్న వార్త వచ్చినప్పటి నుంచి మా వరంగల్‌లో విమానాల గురించి మాట్లాడని మనిషి లేడు. నాకూ సంబరమే. నిజాం కాలంలో 1930లో కట్టిన ఎయిర్‌ఫీల్డ్ అది, 1981లో మూతపడింది. మా తరం దాన్ని ప్రహరీ బయట నుంచి చూడటమే తప్ప అక్కడ విమానం ఎక్కిన పాపాన పోలేదు. 2025లో కేంద్రం సరేనన్నదంటే ఊరు సంబరపడటం న్యాయమే.

నా గొడవ వేరే. సొంతంగా చిన్న విమానం కట్టుకునే కుర్రాళ్లు అక్కడొకరు ఇక్కడొకరు ఉన్నారు. వాళ్లంటే నాకు ప్రాణం. వాళ్లకు సలహాలిచ్చే పెద్దమనుషులంటేనే ఒళ్లు మండుతుంది. ఇంజిన్ అప్పుడప్పుడు మిస్సింగ్ కొడుతోందని, అంటే సిలిండర్‌లో మంట అంటుకోక తప్పుతోందని, ఒక పిల్లగాడు అడగడమే ఆలస్యం, "ప్లగ్గులు మార్చు" అని ఒకడు, "కార్బొరేటర్ కడుగు" అని ఇంకొకడు, "కాయిల్ పోయింటది, కొత్తది తెప్పించు" అని మరొకడు. ఏ సిలిండర్ కొట్టట్లేదు, ఎంత స్పీడులో, వేడి మీదనా చల్లగున్నప్పుడా అని అడిగినోడు ఒక్కడూ లేడు.

నేను కొన్నేళ్లు ఫ్లయింగ్ స్కూలు హ్యాంగర్లో పనిచేసి వచ్చినవాణ్ణి. ఇప్పుడు హన్మకొండలో జనరేటర్లు, పంపుసెట్ల ఇంజిన్లు చూసుకుంటున్నా. పూర్తిగా చచ్చిపోయిన ఇంజిన్ అంటే నాకు ఏ టెన్షనూ లేదు. అది ఎక్కడికీ పోదు, తప్పు కూడా అక్కడే కూర్చొని ఉంటుంది. వచ్చి పోయే మిస్సింగే అసలు దొంగ. బైకు మీద పోతుంటే మిస్సింగ్ కొడితే కాజీపేట బ్రిడ్జి దిగి పక్కకు ఆపుకుంటాం. ఒకటే ఇంజిన్ ఉన్న విమానం మూడు వందల అడుగుల ఎత్తులో ఎక్కడ ఆపుకుంటుంది?

ఒక ఉదాహరణ చెప్తా. హసన్‌పర్తి వైపు షెడ్డులో ఒక తమ్ముడు కిట్ విమానం బిగిస్తున్నాడు. ఇంకా పర్మిషన్లు రాలేదు, ఎగరట్లేదు, నేల మీద ఇంజిన్ రన్ చేసి చూసుకోవడమే. ఇంజిన్ సెకండ్ హ్యాండ్ రోటాక్స్ 912, నాలుగు సిలిండర్లు, ఎనిమిది ప్లగ్గులు. ఇంజిన్ బాగా వేడెక్కాక 4000 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర ఒక చిన్న కుదుపు. సలహాదారుల మాట విని ఒక్కరోజులోనే ఎనిమిది ప్లగ్గులూ మార్చాడు, రెండు కార్బొరేటర్లూ విప్పి కడిగాడు, ఫ్యూయల్ ఫిల్టర్ కొత్తది వేశాడు. స్టార్ట్ చేస్తే సాఫీగా నడిచింది. నాకు ఫోను: "అన్నా, ఇప్పుడు మంచిగనే నడుస్తుంది."

"ఏం చేస్తే మంచిగైంది తమ్మీ?"

"ఏమో అన్నా, అన్నీ మార్చిన కదా."

ఇదిగో, ఈ జవాబుకే నాకు కోపం. మూడు పనులు ఒకేసారి చేస్తే, ఏది రోగమో తెలుసుకునే దారి మనమే మూసుకున్నట్టు. పైగా అసలు రోగం ఆ మూడింటిలోనూ లేకపోవచ్చు. లేదు కూడా. వారం తిరగకముందే కుదుపు మళ్లీ వచ్చింది.

నేను పోయి పానా పట్టుకోలేదు. స్విచ్ పట్టుకున్నా. ఇలాంటి ఇంజిన్లలో ప్రతి సిలిండర్‌కు రెండు ప్లగ్గులు, మొత్తానికి రెండు వేర్వేరు ఇగ్నిషన్ సర్క్యూట్లు, అంటే ప్లగ్గులకు నిప్పురవ్వ అందించే కరెంటు దారులు. ఒకటి పోతే రెండోది ఇంటికి చేర్చాలని పెట్టిన ఏర్పాటు అది. కానీ తప్పు వెతికేవాడికి కూడా అదే పెద్ద వరం. మొదటి సర్క్యూట్ ఒక్కదాని మీద నడిపితే ఎంతసేపైనా సాఫీ. రెండోదాని మీదికి మారిస్తే కాసేపటికే కుదుపు. పెట్రోలు, కార్బొరేటర్లు, గాలి రెండు సర్క్యూట్లకూ ఒకటే కదా. తప్పు వాటిలో ఉంటే రెండు వైపులా కుదపాలి. ఒక్క నిమిషంలో అనుమానితుల్లో సగం మంది బయటికి పోయారు. పాపం, ఆ కార్బొరేటర్లు ఊరికే విప్పించుకున్నాయి.

తర్వాతి ప్రశ్న, ఒక్క సిలిండరే తప్పుతోందా, నాలుగూ ఒకేసారి తప్పుతున్నాయా? ఒక్కటే అయితే ఆ ప్లగ్గు, దాని క్యాప్, దాని వైరు. నాలుగూ కలిసి పోతుంటే నాలుగింటికీ ఉమ్మడిగా ఉన్నదేదో తప్పు: రవ్వను నడిపించే ఎలక్ట్రానిక్ మాడ్యూల్, దానికి కరెంటిచ్చే ఛార్జింగ్ కాయిల్, లేదా స్విచ్ దాకా వచ్చే వైరు. అక్కడ ఆర్‌పీఎం ముల్లు ఒక్కసారిగా పడి లేస్తోంది, అంటే ఉమ్మడి వ్యవహారమే. ఇగ్నిషన్ ఆపడమంటే ఆ స్విచ్ వైరును ఎర్త్ చేయడమే. కాబట్టి ఆ వైరు దారిలో ఎక్కడ బాడీకి తగిలినా, స్విచ్ ఆన్‌లో ఉన్నా, ఆ సర్క్యూట్ ఆరిపోతుంది.

ఇంజిన్ ఆపి, చల్లారనిచ్చి, మల్టీమీటర్ బీప్ మోడ్‌లో పెట్టాం. ఒక ప్రోబ్ వైరుకు, ఒకటి బాడీకి, స్విచ్ ఆన్ స్థానంలో. నిశ్శబ్దం. ఫైర్‌వాల్ (ఇంజిన్‌కు, పైలట్ కూర్చునే చోటుకు మధ్య ఉండే రేకు గోడ) దగ్గర వైరును వేలితో ఇంజిన్ వైపు కొద్దిగా లాగితే బీప్. వదిలితే మాయం. రేకుకు వేసిన రంధ్రంలో రబ్బరు గ్రోమెట్ లేదు. పట్టి ఉంచాల్సిన క్లాంపు వదులైంది. రేకు అంచు వైరు తొడుగును కోసి, లోపలి రాగిని గీస్తోంది. ఆ ఒక్క స్పీడు దగ్గర వణుకుకు వైరు ఊగి అంచుకు తగులుతోంది. గ్రోమెట్ ఖరీదు చాయ్ డబ్బులు. మార్చిన ప్లగ్గులు, ఫిల్టర్ల ఖర్చు నేను చెప్పను, ఆ ఇంట్లో వాళ్ల నాన్న కూడా ఈ పోస్టు చదువుతాడు.

రెండు సర్క్యూట్లూ ఆన్‌లో ఉన్నప్పుడు అది చిన్న కుదుపులాగే ఎందుకు అనిపించిందో చూడండి. తప్పున్నది ఆరినా మొదటిది మోస్తోంది కాబట్టి. అంటే విమానం పైలట్‌ను కాపాడుతూనే, రోగాన్ని దాచిపెడుతోంది కూడా. అందుకే ఎగిరే ముందు ఒక్కో సర్క్యూట్ విడివిడిగా చూడాలంటారు. 912లో దాదాపు 4000 దగ్గర చూస్తే, ఒక్కదాని మీదికి వచ్చినప్పుడు పడే ఆర్‌పీఎం 300 దాటకూడదు. మాగ్నెటోలున్న (బ్యాటరీ లేకుండానే, తిరుగుతూ రవ్వ పుట్టించేవి) లైకమింగ్ కంపెనీ విమాన ఇంజిన్లకు సాధారణంగా 175, రెండు వైపులకూ మధ్య తేడా 50. మనవాళ్లు ఈ అంకెలు బట్టీ పడతారు కానీ ఇంకో సంగతి మరిచిపోతారు: ఆర్‌పీఎం అసలే పడకపోయినా తప్పే. స్విచ్ వైరు తెగిపోయిందన్నమాట, మాగ్నెటో ఆగట్లేదు. అలాంటి ఇంజిన్‌కు కీ తీసేసి జేబులో వేసుకున్నా, ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పితే అంటుకోవచ్చు. షెడ్డులో పిల్లలు తిరుగుతుంటారు, ఫొటోల కోసం ప్రొపెల్లర్ పట్టుకొని నిలబడే చుట్టాలుంటారు. చెప్తే నవ్వుతారు.

ఏ సిలిండర్ తప్పుతోందో పట్టుకోవడానికి పెద్ద మెషీన్లు అక్కర్లేదు. తేడా ఉన్న సర్క్యూట్ ఒక్కదాని మీదే కాసేపు నడిపి, ఆపి, ప్రొపెల్లర్ పూర్తిగా నిలిచాక ఎగ్జాస్ట్ గొట్టాల మొదళ్లను ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూడండి. చల్లగా ఉన్నదే దొంగ. కరోనాలో కొన్న నుదుటి థర్మామీటర్ తెచ్చి "ఎర్రర్ చూపిస్తుంది అన్నా" అనొద్దు, అది మనిషి జ్వరానికే, వర్క్‌షాపులో వాడేది వేరే. ప్రతి సిలిండర్‌కు ఎగ్జాస్ట్ టెంపరేచర్ మీటర్ ఉంటే ఇంకా మంచిది. రెండు ప్లగ్గుల్లో ఒకటి చస్తే ఆ సిలిండర్ ఎగ్జాస్ట్ వేడి తగ్గదు, పెరుగుతుంది. ఒక్క వైపు నుంచే మంట పాకి, ఆలస్యంగా కాలి, వాల్వ్ తెరుచుకునే వేళకు ఇంకా వేడిగా ఉంటుంది మరి. ఆ సిలిండర్ అసలే కాలకపోతే వేడి పడిపోతుంది. ఈ ఒక్క తేడా తెలిస్తే సగం వాదనలు ఆగిపోతాయి.

ఇక "దానంతట అదే పోయింది" బ్యాచ్. లైకమింగ్ ఇంజిన్లలో పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఒక సిలిండర్ కొట్టదు, కాసేపటికి సర్దుకుంటుంది. చలికి అంటారు, వేడెక్కితే పోతుందంటారు. పోతుంది, నిజమే. కానీ అది చాలాసార్లు ఎగ్జాస్ట్ వాల్వ్ కాడకు, అది జారే గొట్టం గైడ్‌కు మధ్య మసి గట్టిపడి, చల్లగున్నప్పుడు వాల్వ్ ఇరుక్కోవడం. ఇవాళ తనే వదులుతుంది. వదలని రోజు వాల్వ్‌ను తెరిచే కడ్డీ, పుష్‌రాడ్, వంగుతుంది. తయారీ కంపెనీయే దీని మీద సర్వీస్ బులెటిన్ 388 ఇచ్చింది. అంత చెప్పాక కూడా "వేడెక్కనివ్వు, సెట్ అయితది" అనేవాడికి ఏమని చెప్పాలి?

తేమ సంగతీ అంతే. ముసురు పట్టిన ఆగస్టు పొద్దున, బయట ఇరవై అయిదు డిగ్రీలున్నా కార్బొరేటర్ గొంతులో మంచు కట్టొచ్చు. పెట్రోలు ఆవిరవుతూ అక్కడి వేడిని గుంజుకుంటుంది. ఇంజిన్ రఫ్‌గా నడుస్తుంది, ఆపి కవర్ విప్పేసరికి మంచు కరిగిపోతుంది. సాక్ష్యం నీళ్లై కారిపోయాక "అంతా బాగానే ఉంది" అనడం తేలిక. మేలో దీనికి తలకిందులు. నలభై అయిదు డిగ్రీల ఎండలో, ఎగ్జాస్ట్ పక్కగా పోయే పైపులో పెట్రోలు ఉడికి ఆవిరి కడుతుంది. వేడికి ఇగ్నిషన్ కాయిల్ లోపలి తీగ విడిపోతుంది, చల్లారాక మళ్లీ కలుసుకుంటుంది. చల్లటి కాయిల్‌ను బల్ల మీద పెట్టి ఓమ్స్ చూసి పాస్ చేయడం అందుకే దండగ.  కొట్టేటప్పుడే పట్టుకోవాలి.

పెట్రోలు గురించి ఒక్క మాట, ఇది మన ప్రాంతంలో నిజంగా పెద్ద సమస్య. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇరవై శాతం ఎథనాల్ కలిపిన ఈ20. రోటాక్స్ 912కు పది శాతం దాకానే ఒప్పుకుంది. ఎథనాల్ నీటిని పీల్చుకుంటుంది, నిల్వ ఉంటే నీళ్లతో కలిసి కిందికి దిగుతుంది. ఆ అడుగు ఇంజిన్‌లోకి వెళ్లిన నిమిషం మిస్సింగ్, తర్వాత మళ్లీ మామూలే. అనుమానముంటే సన్నటి గాజు గొట్టంలో గీత దాకా నీళ్లు పోసి, పైన పెట్రోలు పోసి, మూతపెట్టి ఊపి నిలబెట్టండి. కింది మట్టం గీత దాటి పైకొస్తే ఎథనాల్ ఉన్నట్టే. విమానాల కోసమే చేసే పెట్రోలు అవ్‌గ్యాస్ 2022 నుంచి మన ఇండియన్ ఆయిలే తయారు చేస్తోంది కానీ అది ములుగు రోడ్డు బంకులో దొరికే సరుకు కాదు.

912లో ఫ్లోట్లు, అంటే కార్బొరేటర్ గిన్నెలో పెట్రోలు మీద తేలే ముక్కలు, కూడా చూడండి. పెట్రోలు పీల్చి బరువెక్కితే మునుగుతాయి, తక్కువ స్పీడులో ఇంజిన్ గరగరలాడుతుంది. ఒక కార్బొరేటర్‌లోని జత బరువు 7 గ్రాములు దాటకూడదు. వంటింటి కాటా ఆ తేడా చెప్పదు, బంగారం షాపు కాటా చెప్తుంది. షాపాయన మొహం చిట్లించినా తూచి ఇస్తాడు. ముందు పెట్రోలు వాసన పోయేదాకా ఆరబెట్టుకొని పోండి.

కాబట్టి ఇక ముందు నన్ను అడిగేవాళ్లు ఇవి రాసి పంపండి: ఏ సర్క్యూట్ మీద, ఏ ఆర్‌పీఎం దగ్గర, స్టార్ట్ చేసిన ఎంతసేపటికి, ఏ సిలిండర్, ఏ పెట్రోలు, ఇప్పటిదాకా ఏమేం విప్పారు. విప్పింది ఒక్కొక్కటిగానా, అన్నీ కలిపేనా అది కూడా. ఉత్త శబ్దం రికార్డు చేసిన వీడియో పంపితే జవాబివ్వను. తిరిగే ప్రొపెల్లర్ పక్కన నిలబడి తీసిన వీడియో అయితే మీ ఇంటికి ఫోన్ చేస్తా.